నోటిఫికేషన్ వచ్చేలోపు.. మీ అడవిని ఓసారి చదవండి

ఆదివారం పొద్దున. స్టడీ హాల్‌కు సెలవు పెట్టారు. నలుగురు దోస్తులు, రెండు బండ్లు. నిజామాబాద్ నుంచి ఏడు కిలోమీటర్లు పోతే మల్లారం అడవి. వాచ్‌టవర్ ఎక్కి నాలుగు ఫొటోలు, ఒక రీల్, రెండు చిప్స్ ప్యాకెట్లు. మధ్యాహ్నానికల్లా మళ్లీ అదే గది, అదే కుర్చీ, అదే కరెంట్ అఫైర్స్ పుస్తకం. ‘పర్యావరణం’ అధ్యాయం తెరిస్తే అమెజాన్ ఉంటుంది, సుందర్బన్స్ ఉంటుంది. పొద్దున మీరు తిరిగొచ్చిన మల్లారం మాత్రం ఉండదు.

పుస్తకంలో లేదు కాబట్టి పరీక్షకు పనికిరాదనుకుంటాం. అక్కడే పొరపాటు. తెలంగాణ గ్రూప్స్ సిలబస్‌లో పర్యావరణ అంశాలున్నాయి, విపత్తు నిర్వహణ ఉంది, రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ ఉంది. ఈ మూడూ ఒకేచోట కలిసి కనిపించే జిల్లాలు తక్కువ. అందులో మీది ఒకటి. మల్లారం నుంచి పోచారం దాకా, అలీసాగర్ నుంచి కందకుర్తి దాకా ఉన్న గుట్టలు, చెరువులు, బ్యాక్‌వాటర్ అన్నీ మీకు ఉచితంగా దొరికే పాఠ్యపుస్తకం. ఎలా చదవాలో చూద్దాం. అక్కడ ఉద్యోగాలు ఎన్ని ఉన్నాయో కూడా దాచకుండా మాట్లాడుకుందాం.

అడవి మీ ఇంట్లోనే ఉంది

‘మాకు అడవితో ఏం పని?’ అనుకునేవాళ్లు ముందు ఇంట్లో చాట వైపు చూడండి. నిజామాబాద్, ఆర్మూర్, కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్లలో అమ్మో, అక్కో, పక్కింటి పెద్దమ్మో బీడీలు చేయని వీధి అరుదు. ఆ చాటలో ఉన్నది తునికాకు. అది పొలంలో పండదు, అడవిలోనే వస్తుంది. ఎండలు ముదరకముందే కొమ్మ కొడతారు. కొత్త చిగురు వచ్చాక ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. అక్కడి నుంచి గోదాం, గోదాం నుంచి కార్ఖానా, కార్ఖానా నుంచి మీ ఇల్లు.

మీలో చాలామంది ఇంటర్ ఫీజు ఈ ఆకు మీదే కట్టి ఉంటారు. బీడీ పొగ ఆరోగ్యానికి ఎంత చేటో తెలిసిందే. చేసేవాళ్ల ఊపిరితిత్తులకూ నడుముకూ ఆ పని ఎంత భారమో మీకు ఇంకా బాగా తెలుసు. రేపటి తరం కూడా ఆ చాట ముందే కూర్చోవాలని ఎవరూ కోరుకోరు. కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఫ్యాక్టరీ మూతపడినా, ఐటీ రాకపోయినా ఈ జిల్లాలో ఇంటికో కూలీ చూపించిన పనుల్లో ఒకటి అడవి ఆకు మీద ఆధారపడింది. ‘అడవి–జీవనోపాధి’ అని ప్రశ్న వస్తే రాయాల్సిన మొదటి ఉదాహరణ మీ ఇంటి ముందు గదిలోనే ఉంది.

చెరుకు వెనక నీళ్లు, నీళ్ల వెనక చెట్లు

ఇప్పుడు బోధన్ పోదాం. శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ గురించి చెప్పని ఇల్లు అక్కడ ఉండదు. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. తాత అందులో పనిచేశాడు, నాన్న అందులో పనిచేశాడు, మనవడికీ అందులోనే ఉద్యోగం ఖాయం అనుకున్న కుటుంబాలెన్నో. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించారు. తిరిగి తెరిపించేందుకు 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు నేతృత్వంలో కమిటీ వేసింది.

మూత ఎందుకు పడిందని అడిగితే ప్రైవేటీకరణ, బకాయిలు, రాజకీయాలు అని చెబుతారు. అవన్నీ ఉన్నాయి. వాటి వెనక ఇంకో కథ కూడా ఉంది. అది నీళ్ల కథ.

బోధన్‌లో చెరుకు ఎందుకు పండింది? నిజాంసాగర్ ఉంది కాబట్టి. ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ హయాంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టు మంజీర నీళ్లను కాలువలకు మళ్లించింది. కాలువ వచ్చాక చెరుకు వచ్చింది, చెరుకు వచ్చాక ఫ్యాక్టరీ వచ్చింది. వరుస గమనించండి. ఫ్యాక్టరీ ఈ గొలుసులో చివరి కడియం.

కట్టినప్పుడు నిజాంసాగర్ సామర్థ్యం 29.7 టీఎంసీలు. ఇప్పుడు లెక్కల్లో ఉన్నది 17.8 టీఎంసీలు. అదీ మధ్యలో గేట్ల ఎత్తు పెంచాక మిగిలింది. మిగతా నీళ్ల చోటును పూడిక మింగింది. పూడిక అంటే ఏంటి? పైన పరీవాహక ప్రాంతంలో చెట్టు, గడ్డి పోయిన చోట వాన దెబ్బకు కొట్టుకొచ్చిన మట్టి. దీనికి తోడు పైన సింగూరు కట్టారు, మంజీర నీళ్లు హైదరాబాద్ దాహం తీర్చడానికి వెళ్లాయి. కింద ఆయకట్టుకు నీటి భరోసా తగ్గింది. ఏడాదంతా నీళ్లు అడిగే చెరుకు మీద రైతుకు నమ్మకం సడలడానికి ఇదీ ఒక కారణం.

అడవి ఒక్కటే ఫ్యాక్టరీని కాపాడేదని చెప్పడం లేదు. ఎన్నో కారణాల్లో ఇదొకటి. కానీ ఎవరూ మాట్లాడని కారణం. మంజీర ఎగువన గుట్ట బోడిదైతే, కొన్నేళ్లకు బోధన్‌లో ఒకరి ఉద్యోగం మీద దాని నీడ పడుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దారిని గీసి చూపించగలిగితే మెయిన్స్‌లో మీ జవాబు మిగతా వెయ్యి జవాబుల్లో కలిసిపోదు.

పోచారం చెప్పే రెండు సంగతులు

ఈ గొలుసును కళ్లారా చూడాలంటే ఎల్లారెడ్డి దాటి నాగిరెడ్డిపేట వైపు పోవాలి. అక్కడ పోచారం ప్రాజెక్టు ఉంది. దాని పేరు మీదే పోచారం అభయారణ్యం. కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో సుమారు 130 చదరపు కిలోమీటర్లలో పరుచుకుంది. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన అడవి ఇది. 1950ల తొలినాళ్లలో వేట ఆగింది, అభయారణ్యమైంది. చిరుత, ఎలుగుబంటి, చుక్కల దుప్పి, కణుజు, నీల్గాయి, కొండగొర్రె ఉన్న చోటు. జింకల సంరక్షణ కేంద్రం ఉంది. శీతాకాలంలో చెరువులో హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు దిగుతాయి.

మొదటి సంగతి: వేటాడిన చోటే కాపాడే చోటైంది. సంరక్షణ అంటే ప్రకృతి దానంతట అదే చేసేది కాదు. ఒక నిర్ణయం, ఒక చట్టం, రోజూ తిరిగే ఒక బీట్ ఆఫీసర్ ఉంటేనే అది నిలుస్తుంది.

రెండో సంగతి: 2025 ఆగస్టు చివరి వారం గుర్తు చేసుకోండి. కామారెడ్డి జిల్లాను కుండపోత వాన ముంచెత్తింది. వందేళ్ల నాటి పోచారం కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు రాత్రంతా భయపడ్డాయి. కట్ట నిలిచింది. ఆ వరదంతా మంజీరలో కలిసి నిజాంసాగర్‌కు చేరింది. అంత వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కానీ చెట్టున్న నేల నీటిని కొంత ఇంకించుకుంటుంది, మట్టిని పట్టి ఉంచుతుంది, వరద ఉద్ధృతిని కొంత తగ్గిస్తుంది. విపత్తు నిర్వహణ పాఠంలో ‘పరీవాహక ప్రాంత పరిరక్షణ’ అని ఒక పొడుగాటి మాట వస్తుంది కదా. దాని అర్థం ఇదే.

అసలు గొడవ ఎక్కడ?

అడవి గురించి చదివేటప్పుడు అందరూ మంచివాళ్లే, అందరికీ ఒకే మాట అన్నట్టు రాస్తే మార్కులు రావు. ఇక్కడ నిజమైన గొడవలున్నాయి. ఈ మధ్యకాలంలో వచ్చిన రెండు చూడండి.

ఒకటి, కంచ గచ్చిబౌలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న 400 ఎకరాల్లో చెట్లు కొట్టడం మొదలుపెడితే ముందు నిలబడింది విద్యార్థులు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. రికార్డుల్లో అడవి అని రాసి లేకపోయినా అడవి లక్షణాలున్న భూమిని ఏమనాలి అన్న ప్రశ్న దేశమంతా చర్చకు వచ్చింది. 1996లో గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును దీనితో కలిపి చదువుకోండి.

రెండోది మీకు ఇంకా దగ్గర. గోదావరి అవతల కవ్వాల్ పులుల అభయారణ్యం ఉంది. దానికీ మహారాష్ట్రలోని తడోబాకూ మధ్య పులులు తిరిగే దారిని కాపాడేందుకు ఆసిఫాబాద్ జిల్లాలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్ ప్రకటిస్తూ 2025 మే చివర్లో ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ‘మా భూములు, మా హక్కులు ఏమవుతాయి?’ అని ఆదివాసీలు ఆందోళనకు దిగారు. జులైలో ఆ జీవోను ప్రభుత్వం నిలిపివేసింది. పులిదీ న్యాయమే, గూడెందీ న్యాయమే. 2006 అటవీ హక్కుల చట్టం తెలియకుండా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒక్కటే చదివితే సగం చదివినట్టే.

మీ జిల్లాలోనూ ఇవే గొడవలు చిన్న రూపంలో నడుస్తుంటాయి. 44వ నంబరు జాతీయ రహదారి ఇందల్వాయి అడవిలోంచి పోతుంది. ఆ రోడ్డు మీద వాహనం ఢీకొని చిరుత చనిపోయిన వార్త మీరూ చదివే ఉంటారు. ఊళ్లలో కోతులు, పొలాల్లో అడవి పందులు. నందిపేట వైపు శ్రీరాంసాగర్ నీళ్లు వెనక్కి తగ్గాక మొలిచే గడ్డిలో కృష్ణజింకల మందలు తిరుగుతాయి. నీళ్లు తగ్గిన నేలలో పంట వేసుకోవాలని రైతుకు ఉంటుంది, మేయాలని జింకకు ఉంటుంది. ‘దీనికి పరిష్కారం ఏంటి?’ అని ఇంటర్వ్యూ బోర్డు అడిగితే ‘ప్రజల్లో అవగాహన కల్పించాలి సర్’ అని తప్పించుకోకండి. ఏ నెలలో, ఏ ఊళ్లో, ఎవరికి నష్టం జరుగుతోందో చెప్పి, ఆ తర్వాత పరిష్కారం చెప్పండి.

మరి ఉద్యోగాలెన్ని?

ఇక మీరు ఎదురుచూస్తున్న ప్రశ్న. మొహమాటం లేకుండా మాట్లాడుకుందాం.

అటవీ శాఖలో ఎక్కువమందికి అందుబాటులో ఉండేది ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టు. 2017లో టీఎస్‌పీఎస్సీ ఒకేసారి 1,857 బీట్ ఆఫీసర్ ఖాళీలకు నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పుడు అర్హత ఇంటర్మీడియట్. రాత పరీక్షలో ఒక పేపర్ జనరల్ నాలెడ్జ్, ఇంకోటి గణితం. దాంతో అయిపోలేదు. నడక పరీక్ష ఉంది. పురుషులు 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నాలుగు గంటల్లో నడవాలి. ఇరవై ఐదు కిలోమీటర్లంటే ఇంచుమించు నిజామాబాద్ నుంచి బోధన్ దాకా. కిలోమీటరుకు తొమ్మిదిన్నర నిమిషాలు, అదీ ఎక్కడా ఆగకుండా. స్టడీ హాల్‌లో రోజుకు పన్నెండు గంటలు కూర్చుని రాతలో గట్టెక్కినవాళ్లు ఈ నడకలో ఆగిపోతే ఎంత బాధ! ఈసారి నిబంధనలు మారొచ్చు, నోటిఫికేషన్ వచ్చాక వాటిని ముందు చదవండి. కాళ్లకు సాధన మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు.

ఇంత పెద్ద నోటిఫికేషన్ ఏటా రాదు. ఇదొక్కటే నమ్ముకుని కూర్చోవడం అంటే శక్కర్‌నగర్ సైరన్ కోసం ఎదురుచూసినట్టే. ఉద్యోగం వచ్చాక కూడా అది యూనిఫాం వేసుకుని జింకలను చూసే కొలువు కాదు. ఎండాకాలం మంటలు ఆర్పాలి, రాత్రి కలప బండి ఆపాలి, పోడు గొడవలో ఊరివాళ్ల కోపానికి ఎదురు నిలబడాలి. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు వివాదంలో ఒక రేంజ్ ఆఫీసర్ ప్రాణాలే పోయాయి. భయపెట్టడానికి కాదు, తెలిసి వెళ్లండని చెబుతున్నా.

ఇంటర్ బైపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఒక దారి చెప్పండి. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల, పరిశోధన సంస్థలో నాలుగేళ్ల బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. ఫారెస్ట్రీ చదివినవాళ్లకు అటవీ శాఖ నియామకాల్లో కోటా ఇవ్వాలని 2022లో ప్రభుత్వం నిర్ణయించింది. డిగ్రీ అయ్యాక పీజీ చేయాలనుకునే బోటనీ, జువాలజీ విద్యార్థులకు డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా ఉంది. కంప్యూటర్ చదువులవాళ్లకూ పని ఉంది. ఉపగ్రహ చిత్రాల మీద అడవి హద్దు గీయడం, చెరువు విస్తీర్ణం లెక్కగట్టడం నేర్చుకుంటే నీటిపారుదల, వ్యవసాయం, భూ సర్వేల్లోనూ ఆ నైపుణ్యం పనికొస్తుంది. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. నేర్పే వీడియోలూ ఉచితమే.

ఎకో టూరిజం సంగతేంటి? ‘మల్లారంలో రిసార్టులొస్తయ్, అందరికీ జాబులొస్తయ్’ అనే మాటను కొంచెం తగ్గించి వినండి. ఎకో టూరిజంలో స్థానికులకు పని దొరికిన చోట్ల ఒక పోలిక కనిపిస్తుంది. అమ్రాబాద్‌లో పర్యాటకులను తిప్పే పనిలో చెంచు యువకులున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లి దగ్గర ఎకో క్యాంపును వన సంరక్షణ సమితి నడుపుతోంది. అంటే అక్కడి పిట్ట పేరు, చెట్టు పేరు, దారి తెలిసినవాళ్లే పనిలోకి వచ్చారు. గేటు దగ్గర టికెట్ చింపే పని ఎవరైనా చేస్తారు. తోవ చూపించి కథ చెప్పే పని మాత్రం ఊరివాళ్లే చేయగలరు. రేపు మీ దగ్గర టూరిజం పెరిగితే మీరు ఏ పనికి సిద్ధంగా ఉంటారన్నది ఇవాళ మీరు ఏం నేర్చుకుంటారన్న దాన్ని బట్టి ఉంటుంది.

నాలుగు ఆదివారాలు చాలు

పెద్ద ఖర్చు లేదు. చదువుకు నష్టం లేదు. ఒక నోటుబుక్కు, నీళ్ల సీసా, పాత బూట్లు ఉంటే సరి.

మొదటి ఆదివారం: మల్లారం. పొద్దున ఆరింటికల్లా నడక మొదలుపెట్టండి. గడియారం పెట్టుకుని ఎనిమిది కిలోమీటర్లు నడవండి. ఎంత సేపు పట్టిందో రాయండి. ప్రతి వారం రెండు, మూడు కిలోమీటర్లు పెంచుకుంటూ పోండి. కనిపించిన అయిదు చెట్ల పేర్లు మీ ఊరి పెద్దవాళ్ల నోట తెలుసుకోండి. తునికి, మోదుగ, ఇప్ప గుర్తుపట్టలేనివాళ్లు అటవీ శాఖ ఉద్యోగం అడగడం ఏం బాగుంటుంది?

రెండో ఆదివారం: అలీసాగర్. 1930ల నాటి జలాశయం. పక్కన గుట్టలు, తోట ఉన్నాయి. ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో చూసిన పిట్టలను నమోదు చేయండి. ఏటా ఫిబ్రవరిలో దేశమంతా కాలేజీల్లో పక్షుల లెక్కింపు జరుగుతుంది. గిరిరాజ్ కాలేజీ అయినా, డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ అయినా పదిమంది కలిస్తే మీ క్యాంపస్ పేరు అందులో ఉంటుంది. పాలపిట్ట రాష్ట్ర పక్షి అని బట్టీ పట్టడం వేరు, కరెంటు తీగ మీద కూర్చున్న దాన్ని చూపించి దాని గురించి చెప్పగలగడం వేరు.

మూడో ఆదివారం: రెంజల్ మండలం కందకుర్తి. గోదావరి తెలంగాణలోకి అడుగుపెట్టే చోటు. మంజీర వచ్చి కలిసేది ఇక్కడే. పోచారం నుంచి నిజాంసాగర్ మీదుగా, బోధన్ పక్కనుంచి ఇక్కడికి ఆ నీళ్లు వచ్చిన దారిని నోటుబుక్కులో గీయండి. ఏ మలుపులో ఏ ప్రాజెక్టు, ఏ పంట, ఏ ఫ్యాక్టరీ ఉందో రాసుకోండి. ఆ ఒక్క పేజీలో భూగోళం, చరిత్ర, ఆర్థికం మూడూ ఉంటాయి.

నాలుగో ఆదివారం: మీ ఊరి గ్రామ పంచాయతీ. 2002 జీవ వైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల్లో జీవ వైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ ఊరి మొక్కలు, జంతువులు, పంటల వివరాలతో ఒక రిజిస్టర్ ఉండాలి. ‘మన ఊరి రిజిస్టర్ ఓసారి చూపిస్తారా?’ అని మర్యాదగా అడగండి. ఉంటే చదవండి. ఖాళీగా ఉంటే నింపడానికి సాయం చేస్తామనండి. మీ రెజ్యూమెలో ‘హాబీలు: క్రికెట్, పాటలు వినడం’ అన్న చోట రాసుకోవడానికి ఒక నిజమైన పని దొరుకుతుంది.

రెండు జాగ్రత్తలు. అభయారణ్యంలోకి, రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా పోవద్దు. ముందు బీట్ ఆఫీసర్‌ను కలవండి. ఆ పది నిమిషాల మాటలు ఏ కోచింగ్ సెంటర్లోనూ దొరకవు. ఇక ఎండాకాలంలో అగ్గిపుల్ల, సిగరెట్, వంట పొయ్యి వద్దే వద్దు. రాలిన ఆకులకు ఒక్క నిప్పురవ్వ చాలు.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీ చేతుల్లో లేదు. ఫ్యాక్టరీ ఎప్పుడు తెరుస్తారో మీ చేతుల్లో లేదు. వచ్చిన రోజు మీ కాళ్లు 25 కిలోమీటర్లు నడుస్తాయా, మీ జిల్లా గురించి పది నిమిషాలు తడబడకుండా మాట్లాడగలరా అన్నవి మాత్రం మీ చేతుల్లోనే ఉన్నాయి. వచ్చే ఆదివారం కూడా మల్లారం పోండి. ఫొటో కూడా దిగండి. కానీ వాచ్‌టవర్ దిగేముందు ఒకసారి పడమటి వైపు తిరిగి, బోధన్ దాకా పారిన ఆ నీళ్ల దారిని గుర్తు చేసుకోండి. మీ తాతకు ఉద్యోగం ఇచ్చింది ఆ నీళ్లే. ఆ నీళ్లను ఇన్నేళ్లు పట్టి ఉంచింది ఇలాంటి గుట్టల మీది చెట్లే.